ముందు బండి దీపాలు

టాయిలెట్ డబ్బా మళ్ళీ గడ్డకట్టింది. రాగ్నా దాన్ని, పడకా వంటగట్టూ ఉన్న తమ క్యాంపర్ బండి పక్కనున్న చిన్న తలుపులోంచి బయటికి లాగి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఊపి చూసింది. లోపల రాయిలాంటిదేదో ఈ గోడ నుంచి ఆ గోడకు కొట్టుకుంది. పెట్రోలు బంకు వెనక పారబోసే చోటుంది, కానీ గడ్డకట్టినదాన్ని పారబోయడం ఎలా? బండిలోకి వెళ్ళి కెటిల్లో నీళ్ళు కాచి తెచ్చింది. డబ్బా మూతి చుట్టూ కొద్దికొద్దిగా పోస్తూ అది కరిగేదాకా అక్కడే కూర్చుంది. మొదట్లో ఈ పనికి ముక్కుకు మఫ్లరు చుట్టుకునేది. ఇప్పుడు ఆ పట్టింపు కూడా పోయింది.

"రాగ్నా, కాస్త పక్కకు జరుగు! ఫ్రేములోకి వస్తున్నావ్!" అని అరిచాడు హావార్.

ఆమె డబ్బాతో సహా పక్కకు జరిగింది. భర్త అటువైపు సముద్రానికి వీపు పెట్టి, స్టాండు మీదున్న ఫోనుతో మాట్లాడుతున్నాడు. వాళ్ళమ్మ అల్లిన స్వెట్టరు, మంచు పట్టిన గడ్డం, చలికి ఎర్రబడ్డ బుగ్గలు. చూడ్డానికి బాగానే ఉంటాడు, అందులో అబద్ధం లేదు. "మిత్రులారా, నిన్నంతా మంచు తుఫానులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాం. ఈరోజు మేం భూమి కొసకు వెళ్తున్నాం. ఆ పైన ఇంక రోడ్డు లేదు!"

నిన్న నడిపింది రాగ్నా. మొన్నా ఆమే. బోడో ఊరి దగ్గరున్న ఇంటి నుంచి ఇక్కడిదాకా మంచు ఉన్న ప్రతిచోటా ఆమే. కొన్నేళ్ళ కిందట మొదటి చలికాలం ప్రయాణంలో హావార్ బండిని తీసుకెళ్ళి గుంటలో పెట్టాడు. ఆ వీడియోలో కూడా "మేం గుంటలో పడ్డాం" అనే చెప్పాడు. ఆ తర్వాత మంచు కనిపిస్తే చాలు, "నువ్వు కూర్చో, నేను దృశ్యాలు తీయాలి" అంటూ పక్క సీట్లోకి మారిపోతాడు. బండి ఆపిన చోట మాత్రం స్టీరింగు దగ్గరికొచ్చి కూర్చుని, కళ్ళు చిట్లించి దూరంగా చూస్తుంటాడు. అప్పుడు ఫోను పట్టుకునే పని రాగ్నాది. ఆమె పని, ఆమె నిద్ర, ఆమె నడుంనొప్పి అన్నీ అతని "మేం"లో పడి కలిసిపోయాయి, పులుసులో ఉప్పులాగా.

అతను స్కూల్లో భూగోళం చెప్పి, ముందుగానే రిటైరై వచ్చేశాడు. కాలికి బలపం కట్టుకుని పుట్టిన మనిషి. అత్తగారు బోర్గిల్ ఆ సంగతి పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. "మావాడికి కాలు ఒకచోట నిలవదు అమ్మాయ్. నీకు చెయ్యి నిలవకపోతే మీ ఇద్దరికీ సరిపోతుంది" అని నవ్వింది కూడా, అదేదో దీవెనైనట్టు. రాగ్నా కూడా నవ్వింది. అప్పట్లో ఆమె చాలావాటికి నవ్వేది.

వాళ్ళ ఛానెల్ పేరు "ఉత్తరానికి మేమిద్దరం". అందులో రెండో మనిషి ముఖం ఎవరూ చూసి ఉండరు. కెమెరా పట్టుకునేదీ ఆమే, స్టీరింగు పట్టుకునేదీ ఆమే అయితే ముఖం ఎలా పడుతుంది? చేతులు మాత్రం పడతాయి. ఫ్లాస్కులోంచి కాఫీ వంచే చేతులు, చేప వడలు వేయించే చేతులు, అద్దం మీద మంచు గీకే చేతులు. చూసేవాళ్ళు ఆమెకు "కాఫీ చేతులు" అని పేరు పెట్టుకున్నారు. "కాఫీ చేతులకు నమస్కారం! అదృష్టమంటే ఆ చేతులదే, ఊరికే లోకమంతా చూస్తున్నాయి" అని ఒకావిడ రాసింది. చలికి పగిలిన వేళ్ళకు కొవ్వు రాసుకుంటూ రాగ్నా ఆ మాట చదివింది. ఊరికే అన్న దగ్గర ఆమె చూపు చాలాసేపు ఆగిపోయింది.

ఇంతకు ముందు ఆమెకో ఉద్యోగం ఉండేది. మునిసిపాలిటీ తరఫున ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, మందులిచ్చి, సాక్సు తొడిగి రావడం. దూరపు ఇళ్ళన్నీ ఆమెకే వేసేవాళ్ళు. "నువ్వు సణగవు కదా రాగ్నా, అందుకే" అనేది పై అధికారి, మెచ్చుకుంటున్నట్టు. నిజంగానే ఆమె సణిగేది కాదు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మంచురోడ్డు మీద కారులో ఒక్కతే ఉండేది. ఆ కాసేపూ ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలిచేవాళ్ళు కాదు. డ్రైవింగు బాగా వచ్చింది అక్కడే. హావార్ రిటైరయ్యాక, "ముసలాళ్ళ కాళ్ళు కడగడానికి వాళ్ళకు నువ్వు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు. నాకు ఇంకొకరు దొరకరు" అన్నాడు. ఆ మాటను ప్రేమనుకుని ఉద్యోగం మానేసింది. ప్రేమ కాదని ఇప్పటికీ అనలేదు. హావార్ చెడ్డవాడు కాదు, చెయ్యెత్తడు, తాగి రాడు, నలుగురిలో ఆమెను ఆకాశానికెత్తుతాడు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే ఎవరికైనా చెప్పుకోవచ్చు.

ఇక ఇల్లు. ఇల్లంటే ఆమెకు ఇల్లంతా కాదు. మెట్లు దిగితే కింద బట్టలుతికే గది ఒకటుంది. వాషింగ్ మెషిన్, ఆరేసే తీగలు, బోర్లించిన పాత చేపల పెట్టె. తలుపుకు లోపల గడియ. మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఆ పెట్టె మీద కూర్చునేది. పుస్తకమేదైనా ఉంటే చదివేది, లేకపోతే గుండ్రంగా తిరిగే బట్టలు చూసేది. అక్కడికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. వస్తే ఉతికేవో మడతపెట్టేవో చేతికి తగులుతాయన్న భయం. కూతురు ఇంగ్‌విల్ పుట్టిన ఏడు నుంచి ఆ గడియ ఆమెది. శుభ్రంగా ఉన్న దుప్పట్లు కూడా మళ్ళీ ఉతికిన రోజులున్నాయి, ఆ కాసేపటి కోసం. ఈ బండిలో అలాంటి తలుపే లేదు. ఉన్న ఒక్కటీ టాయిలెట్‌ది, అదీ మడతపడే అట్ట.

నిన్న ఇంగ్‌విల్ ఫోన్ చేసింది. "అమ్మా, నాన్నతో అనకు గాని, రేపు అక్కడ భూమి కొసనున్న ఇనుప గోళం దగ్గర లైవ్‌లో నిన్నొకటి అడుగుతాడు. ఇల్లొదిలేసి ఎప్పటికీ బండిలోనే ఉండిపోదామని! పెళ్ళికి అడిగినట్టు మోకాలి మీద కూర్చుని మరీ. ఎంత ముద్దుగా ఉందో కదా? నువ్వు మాత్రం ఏమీ తెలియనట్టు ఆశ్చర్యపోవాలి, సరేనా?"

"నాకిష్టం లేకపోతే?" అంది రాగ్నా.

"అబ్బా, అమ్మా! నువ్వెప్పుడు ఏది ఇష్టమని చెప్పావ్ గనక! నీకు అలవాటైపోతుందిలే" అని నవ్వేసింది కూతురు.

ఆ నవ్వు రాగ్నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది. కూతురు కూడా వాళ్ళ నాన్న కళ్ళతోనే చూస్తోందే అనుకుంది. ఆ క్షణంలోనే ఒక నిర్ణయానికొచ్చింది. వద్దనాలి. లైవ్ అయితే అయింది, లోకమంతా చూస్తే చూసింది, వద్దనాలి. వంటగట్టు తుడుస్తూ, డబ్బా కడుగుతూ, నోట్లోనే ఆ మాట అనుకుని చూసుకుంది. వద్దు, హావార్. నేను రాను. నాకు ఇల్లు కావాలి.

స్కార్‌స్వాగ్ ఊరి మలుపు దగ్గర గేటు వేసి ఉంది. అక్కడి నుంచి కొండ కొసనున్న మైదానం దాకా చలికాలంలో ఎవరికి వాళ్ళు వెళ్ళడానికి లేదు. మంచు తోసే బండి ముందు నడిస్తే, దాని వెనక కార్లన్నీ ఒకే వరసగా వెళ్ళాలి. ఆ వరసలో వాళ్ళది చివరి బండి. వరసను నడిపించే మనిషి, ఆస్లక్ అనే నడివయసు ఆయన, ఆ ఉత్తరాది సామీ తెగ మనిషి, ఒక్కో బండి కిటికీ దగ్గరా ఆగుతూ వచ్చాడు. రాగ్నా అద్దం దించగానే గాలి బండిలోకి దూసుకొచ్చి కాగితం రుమాళ్ళన్నీ ఎగరగొట్టింది.

"డీజిల్ సరిపడా ఉందా? వెచ్చని బట్టలు? బాగుంది. ముందు బండి ఎర్రదీపాలు చూసుకుంటూ రావాలి, అంతే. దీపాలు ఆగితే ఆగాలి, దిగకూడదు. మనిషి రెండడుగులు వేస్తే కనపడడు. ఇంకో సంగతి, గేటు దాటాక వెనక్కి తిప్పడం కుదరదు. ఎవరికైనా అనుమానంగా ఉంటే ఇక్కడే తిప్పుకోండి. సిగ్గుపడాల్సిందేం లేదు."

"అనుమానమా! మా ఆవిడ పుట్టినప్పుడే స్టీరింగుతో పుట్టింది!" హావార్ ఆమె మీదుగా వంగి, ఫోన్ ఆయన వైపు తిప్పాడు.

"అడిగింది నడిపేవాళ్ళని" అన్నాడు ఆస్లక్, ఫోను వైపు చూడకుండా.

ఇంతకాలానికి ఒక మనిషి ఆమెను సూటిగా ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం మంచులో నిలబడ్డాడు. "నాకు వెళ్ళాలని లేదు" అంది రాగ్నా.

"భయంగా ఉందా?"

"భయం కాదు."

"గాలికి బండి నిలవదనుకుంటున్నారా?"

"నిలుస్తుంది. ఇంతకంటే గాలిలో నడిపాను."

ఆస్లక్ కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. పాపం, ఆయన చేతిలో ఉన్నవి అవే ప్రశ్నలు. "భయం లేకపోతే ఇంకేం, వచ్చేయండి. నిదానంగా వెళ్దాం" అని బానెట్ మీద రెండుసార్లు తట్టి ముందుకెళ్ళిపోయాడు.

భయమని ఒక్క మాట అంటే తిప్పనిచ్చేవాడు. హావార్ కూడా ఏమీ అనేవాడు కాదు, భుజం మీద చెయ్యేసి ఓదార్చేవాడు. ఆడమనిషి భయపడితే అందరూ దారి ఇస్తారు, ఇష్టం లేదంటే మాత్రం ఎవరికీ అర్థం కాదు. కానీ డ్రైవింగు ఒక్కటే ఆమెకు తనదంటూ మిగిలిన సంగతి. దాని మీద బురద చల్లుకుని బయటపడటానికి మనసొప్పలేదు. గేటు లేచింది. రాగ్నా గేరు వేసింది.

"అదేంటి, వెళ్ళాలని లేదంటావ్? ఆయనేమనుకుంటాడు?" అన్నాడు హావార్. జవాబు కోసం ఆగకుండానే కిటికీ అద్దం తుడిచి, ఫోను ముందుకు పెట్టాడు.

కొంతదూరం పోయేసరికి రోడ్డు లేదు, కొండ లేదు, ఆకాశం లేదు. అంతా పాలు ఒలికినట్టు తెలుపు, అందులో రెండు ఎర్రచుక్కలు. చుక్కలు ఆగాయి. రాగ్నా బండి ఆపి, హెచ్చరిక దీపాలు నాలుగూ వెలిగించింది. ముందెక్కడో మంచు మేట పడి ఉంటుంది. బండి గాలికి ఊగుతోంది. బయట ఏమీ కనబడక హావార్ ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. అలాంటి తీరిక అతనికి అరుదు.

"హావార్, నేను వద్దంటాను" అంది.

"దేనికి?"

"నువ్వు అక్కడ అడగబోయేదానికి. నాకు మనిల్లు కావాలి. ఈ బండిలో నేను బతకలేను."

అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా చిన్నబోయింది. "ఇంగ్‌విల్ చెప్పేసిందా? దాని నోట్లో నువ్వుగింజ నానదు! ఎంత ప్లాను వేసుకున్నాను, మొత్తం పాడుచేసింది."

"నేను చెప్పేది విను."

"వింటూనే ఉన్నాను. అక్కడ మాత్రం తెలియనట్టే ఉండు, ఏం? ముఖం ముందే అలా పెట్టకు."

"వద్దంటున్నాను, హావార్."

"ఏం వద్దు? నీ సుఖం కోసమే కదా నా తాపత్రయం! ఇక్కడ తుడవడానికి ఎన్ని గదులున్నాయి చెప్పు? అక్కడైతే రోజంతా చాకిరీ. నువ్వు పైకీ కిందకీ ఎక్కి దిగుతుంటే నాకు కష్టంగా ఉండేది." అతను నిజంగానే అన్నాడు. అలా ఎక్కి దిగేటప్పుడు ఒక్క బుట్టైనా అందుకోని మనిషి నిజంగానే కష్టపడ్డాడట.

"కింద గది నాకు కావాలి."

"ఏ గది?"

"బట్టలుతికే గది."

హావార్ నవ్వాడు, వెక్కిరింపుగా కాదు, ముద్దొచ్చినట్టు. "బట్టలుతికే గది మీద బెంగ పెట్టుకున్న మనిషిని ఇదే చూడ్డం! అయినా ఇప్పుడా గది ఎక్కడుంది? సిగుర్ మెషిన్ని మేడ మీదికి మార్పించేశాడు. కింద వాయించే డ్రమ్ములు పెట్టుకున్నాడు."

సిగుర్ అంటే అతని చెల్లెలి కొడుకు. "సిగుర్ మనింట్లో ఏం చేస్తున్నాడు?" అంది రాగ్నా.

"ఉంటున్నాడు. మనం బయల్దేరిన మరుసటి వారమే దిగాడు. పెళ్ళాంతో సహా. ఊరికే ఖాళీగా పెట్టుకోవడమెందుకని ఇచ్చేశాను. నీకు తర్వాత చెబుదామనుకున్నా, సర్‌ప్రైజులో భాగంగా."

"మరి అక్కడ... పెట్టె ఉండేది. చేపల పెట్టె."

"పాత చెక్కే కదా, పొయ్యిలో పెట్టేసుంటాడు." అతను ఆమె మోకాలి మీద తట్టాడు. "అదిగో, కదిలాయి. పోనీ, పోనీ."

ఎర్రచుక్కలు కదిలాయి. ఆమె కాలు దానంతటదే క్లచ్ వదిలింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. అడగకముందే అయిపోయిందన్నమాట. అక్కడ అడగబోయేది ప్రశ్న కాదు, ప్రశ్న వేషం. తన జవాబు ఏదైనా సిగుర్ డ్రమ్ములు కదలవు. ఇది తెలిశాక కూడా చేతులు మాత్రం స్టీరింగు మీద హాయిగా, నిదానంగా, ఎప్పటిలాగే పనిచేసుకుపోతున్నాయి. వాటి మీద ఆమెకు అసహ్యం వేసింది. లోకమంతా మెచ్చుకున్న చేతులు, ఎటు తిప్పమంటే అటు తిప్పుతాయి. వెనక్కి తప్ప.

కొండ కొసన గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. ఇనుప గోళం కింద, దిమ్మె మెట్ల మీద హావార్ ఫోను స్టాండును తాడుతో కట్టాడు. వరసలో వచ్చిన జర్మన్ దంపతులు నవ్వుతూ నిలబడి చూస్తున్నారు. అతను ఒక మోకాలి మీద కూర్చుని రెండు చేతులూ చాచి ఏదో అరిచాడు. సగం మాటలే ఆమెకు వినిపించాయి. "...జీవితాంతం... రోడ్డు మీద... నాతో?"

మొదటిసారిగా రాగ్నా ముఖం ఆ ఛానెల్లో కనబడింది. ఆమె గుండెల నిండా గాలి పీల్చి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. "వద్దు! నాకిష్టం లేదు! నాకు నా గది కావాలి!"

గాలి ఆ మాటను పెదాల మీంచే ఎత్తుకుపోయింది. తన గొంతు తనకే వినబడలేదు. హావార్ లేచి, ఆమెను కౌగిలించుకుని ఫోను వైపు తిరిగాడు. కళ్ళలో నిజమైన నీళ్ళు. "ఔనంది! విన్నారా, ఔనంది!" అతని నోరు ఆమె చెవి పక్కనే ఉంది కాబట్టి అది మాత్రం ఆమెకు బాగా వినబడింది. జర్మన్ జంట లావుపాటి చేతి తొడుగులతో చప్పట్లు కొట్టారు.

కొండ మీద సందర్శకుల కోసం కట్టిన భవనం హాల్లో అతను వాఫుల్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఫోను ఆగకుండా మోగుతోంది. ఇంగ్‌విల్ చేసింది. "అమ్మా, ఏడిపించేశావ్! ఏమన్నావో వినబడలేదు గాని, నీ ముఖం చూస్తే చాలు. అంత గట్టిగా అంటావని అనుకోలేదు! ఎంత ప్రేమ!" రాగ్నా సరేనంది. వాఫుల్ మీది జామ్ అంచు దాటి కారుతుంటే రుమాలుతో తుడిచింది.

తిరుగు వరసలో కూడా వాళ్ళది చివరి బండే. గేటు తెరిచేదాకా ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నారు. హీటరు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. హావార్ వీడియోను వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఒట్టి గాలి హోరే. నీ మాట ఒక్క ముక్క పడలేదు. కింద అక్షరాలు వేయాలి." బొటనవేలు ఫోను మీద ఆగింది. మళ్ళీ ఒకసారి ఆమె ముఖం మీద ఆపి, దగ్గరగా పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. అతని ముఖంలో మొదటిసారి ఏదో చిన్న బెదురు. "రాగ్నా, నిజంగా ఏమన్నావ్ నువ్వక్కడ?"

అడిగాడు. గాలి లేదు, కెమెరా లేదు, జర్మన్ వాళ్ళు లేరు. ఇప్పుడంటే వినబడుతుంది. వినబడితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. సాయంత్రందాకా చిన్నబుచ్చుకుంటాడు. రేపటికి అదొక కథ అవుతుంది. "మా రాగ్నా మొదట వద్దంది, తెలుసా మిత్రులారా" అని నవ్వుతూ చెబుతాడు, కూతురు నవ్వుతుంది, వేలమంది గుండె బొమ్మలు పంపిస్తారు. సిగుర్ డ్రమ్ములు మోగుతూనే ఉంటాయి. ఆమె నడిపిన రోడ్లలాగే, ఆమె మాట కూడా వెళ్ళి అతని "మేం"లో పడుతుంది.

ముందు బండి దీపాలు వెలిగాయి.

"ఔననే అన్నాను" అంది రాగ్నా.

"నాకు తెలుసు" అని ఊపిరి వదిలి, హావార్ అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె గేరు వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతనికి ఇవ్వకుండా ఆమె దాచుకున్నది, ఆ గాలిలో అరిచిన ఒక్క "వద్దు" మాత్రమే.